కాబర్నే పాఠం

జూలై 3, గురువారం

రాకేష్ ఉద్యోగం మానేసి గోవా వెళ్లిపోయాడు. మా హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో బార్ సబ్జెక్టు చెప్పేది అతనే. నిన్న మధ్యాహ్నం నా డబ్బాలోంచి చేపముక్క తీసుకుని తిన్నవాడు, ఇవాళ ఓడలో పని దొరికిందని ఫోన్లో రెండు ముక్కలు రాసి పంపాడు.

ప్రిన్సిపాల్ కిషన్ రావు గారు నేరుగా నా వంట క్లాసులోకే వచ్చారు. నేను సెకండియర్ పిల్లల చేత ఉల్లిగడ్డలు కోయిస్తున్నాను.

"ఫ్రాన్సిస్, రెడ్ వైన్ పాఠం ఇగ నువ్వే చెప్పాలె. హైదరాబాద్ల అంత పెద్ద హోటల్ల బార్ నడిపినోనివి. నీకంటె మంచిగ ఎవరికెర్క?"

పద్దెనిమిదిన హైదరాబాద్ నుంచి ఒక హోటల్ వాళ్లు ఫైనలియర్ పిల్లల్ని ఎంపిక చేసుకోవడానికి వస్తున్నారట. వైన్ గురించి తెలిసినవాళ్లే కావాలట. కాబర్నే సావిన్యోన్ గురించి చెప్పమంటారు, సీసా తెరిచి పోయమంటారు. ఎర్ర వైన్ నేర్చుకునే వాళ్లెవరైనా సాధారణంగా ఆ ద్రాక్షతోనే మొదలుపెడతారు.

"చెప్త సార్," అన్నాను.

పాఠమే కదా. ద్రాక్ష గురించి మాట్లాడితే తాగినట్టు కాదు.

నా భార్య ప్రసన్నకు చెప్పలేదు. జ్వరాల కాలం, దవాఖాన ల్యాబ్‌లో తనకు రక్తం శాంపిళ్లతోనే సరిపోతోంది. ఇంత చిన్న సంగతికి ఆమెను పరేషాన్ చేయడమెందుకు.

జూలై 4, శుక్రవారం

అన్నీ గుర్తున్నాయి. నాకే ఆశ్చర్యంగా ఉంది. ఆ హోటల్లో చివరి నెలల్లో ఏం జరిగిందో సగం గుర్తులేదు కానీ, ఈ ద్రాక్ష గురించి ఒక్క ముక్క కూడా మరచిపోలేదు.

చిన్న పండు. దాదాపు నలుపు. తోలు మందం, గుజ్జు తక్కువ. ఆలస్యంగా పండుతుంది. లోపలి రసానికి రంగు లేదు, రంగూ వగరూ తోలులోంచే వస్తాయి. అందుకే తోలుతో సహా పులియబెడతారు. పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బోర్డో. కాబర్నే ఫ్రాన్ అనే నల్లద్రాక్ష, సావిన్యోన్ బ్లాన్ అనే తెల్లద్రాక్ష ఏదో తోటలో పక్కపక్కన పెరుగుతూ, ఎవరూ సంకరం చేయకుండానే కలిసిపోతే ఇది పుట్టింది. అది జరిగి మూడు వందల ఏళ్లు దాటి ఉంటుంది. తల్లిదండ్రుల పేర్లు రెండూ దీని పేరులోనే ఉన్నాయి. అయినా తొంభైల్లో డీఎన్ఏ పరీక్ష చేసేదాకా ఎవరికీ రుజువు దొరకలేదు. ఇప్పుడు ప్రపంచమంతా పండిస్తున్నారు. మన నాసిక్‌లో కూడా.

ముందు వాసన నల్లటి పండ్లది. తర్వాత, పచ్చిగా కోస్తే, బెంగళూరు మిర్చిది. పాతబడిన కొద్దీ దేవదారు చెక్కది. ఆ పైన నాలుక మీద...

ఇంతవరకు రాసేసరికి నోట్లో నీళ్లూరాయి. లేచి చాయ్ పెట్టుకున్నాను. అది ఆకలి. పొద్దున సరిగ్గా తినలేదు.

చికిత్స కేంద్రం డాక్టరు రోజూ ఏదో ఒకటి రాయమన్నాడు. రాస్తున్నాను. అక్కడి నుంచి వచ్చి, సొంత ఊరని వరంగల్‌లో స్థిరపడ్డాక చుక్క ముట్టలేదు. ఎన్నాళ్లయిందో లెక్క పెట్టను. బాగానే ఉన్నాను.

జూలై 7, సోమవారం

మొదటి క్లాసు. బోర్డు మీద పేరు రాసి చదవమన్నాను. డోర్నకల్ నుంచి వచ్చే శ్రావణి లేచి, "కాబర్నెట్ సావిగ్నన్" అంది గట్టిగా. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వి, మళ్లీ మళ్లీ పలికించుకుని, సరిగ్గా వచ్చేదాకా కూర్చోలేదు. చెప్పింది పట్టుకుని వదిలిపెట్టని పిల్ల.

సుదర్శన్ చెయ్యెత్తాడు. "సార్, గిది తాగితె నిషా ఎక్కుతదా?"

"ఎక్కుతది," అన్నాను. మళ్లీ నవ్వులు.

పిల్లల్లో చాలామందికి ఇరవయ్యొకటి నిండలేదు. వాళ్లు నోట పెట్టకూడదు. రంగు చూస్తారు, వాసన చూస్తారు, పోయడం నేర్చుకుంటారు. రుచి చూసి వివరంగా చెప్పాల్సింది లెక్చరరే. వచ్చే సోమవారం ఆ క్లాసు.

నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేయడమే. వైన్ వృత్తిలో ఉన్నవాళ్లందరూ చేసేది అదే. లోపలికి చుక్క పోదు.

జూలై 8, మంగళవారం

లోపలికి చుక్క పోదు.

జూలై 9, బుధవారం

కిషన్ రావు గారు రెండు సీసాలు తెప్పించి నా చేతికిచ్చారు. నాసిక్‌వి. తిప్పి తీసే మూత. చేతిలో ఎంత బరువుండాలో అంతే ఉంది.

స్టోర్ గదిపైన రేకులు. వాన పడకపోతే మధ్యాహ్నం లోపల ఉడికిపోతుంది. ఆ వేడికి వైన్ పాడవుతుంది. అందుకని ఒకదాన్ని ఆఫీసు బీరువాలో పెట్టాను, ఇంకోదాన్ని ఇంటికి తెచ్చాను. రెండూ ఒకే చోట ఉంటే, ఏదైనా అయితే రెండూ పోతాయి.

సజ్జ మీద, చలికాలపు రగ్గుల వెనక పెట్టాను. దాచలేదు. కీర్తన చేతికి అందకుండా పెట్టానంతే. తొమ్మిదేళ్ల పిల్ల, కనబడిందల్లా అందుకుంటుంది.

ఆఫీసు బీరువాలో రెండు సీసాలకూ చోటుంది. ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

జూలై 10, గురువారం

ఇవాళ సజ్జ వైపు చూడలేదు.

చూశాను. అక్కడే ఉంది. ఎక్కడికి పోతుంది.

జూలై 11, శుక్రవారం

వచ్చే హోటల్ మనిషి పేరు రాంప్రసాద్ అట. కిషన్ రావు గారు చెప్పగానే చేతిలో చాయ్ కప్పు పక్కన పెట్టేశాను.

రాంప్రసాద్, నేను ఒకే బార్‌లో పనిచేశాం. నా చివరి రోజు చూసినవాడు. ఎవరిదో పెళ్లి రిసెప్షన్. అతిథులకు పోయాల్సింది నేనే తాగి, యూనిఫామ్‌లోనే బ్యాంక్వెట్ హాల్లో పడిపోయాను. నన్ను ఎత్తి ఆటోలో వేసింది అతనే. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం క్లాసు లేదని ఇంటికొచ్చాను. ప్రసన్న ల్యాబ్‌లో, కీర్తన బడిలో. స్టూలు వేసుకుని సీసా దించాను. లేబుల్ చదవాలి కదా, పాఠానికి కావాలి.

చదివాను. మళ్లీ పెట్టేశాను.

జూలై 12, శనివారం

ఇవాళ అయింది.

కాలేజీ నుంచి వచ్చేసరికి వాన. తలుపు దగ్గరగా వేసి ఉంది. ప్రసన్న ఈ టైములో ఇంట్లో ఉండదు. లోపల కీర్తన మంచం మీద ముడుచుకుని పడుకుంది. పక్కన కుర్చీలో ప్రసన్న. ఒళ్లో సీసా.

"బడి నుంచి ఫోన్ చేసిండ్రు. పిల్లకు జరమొచ్చింది," అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "వణుకుతాందని రగ్గు కోసం ఎక్కిన. గిది దొరికింది."

"కాలేజీది," అన్నాను.

"కాలేజీది మన రగ్గుల ఎనుక ఎందుకున్నది?"

స్టోర్ రూము, రేకులు, వేడి అని మొదలుపెట్టాను. నా మాటలు నాకే పాతగా వినిపించాయి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కూడా నేనెప్పుడూ కారణాలు ఇలాగే వరసగా చెప్పేవాణ్ని. మధ్యలో ఆపేశాను.

"మూత చూసిన," అంది ప్రసన్న. "తెరువలే. కిటికి కాడికి పోయి వెలుగుల చూసిన. తెరువలే. ల్యాబ్ల ట్యూబు చూసినట్టు పైకి లేపి ఎంతున్నదో చూసిన. నిండుగనే ఉన్నది. అయినా నాకు కాళ్లు చేతులు ఆడలే. పిల్లకు రగ్గు కప్పుడు గూడ మర్సిపోయి గీడ్నే కూసున్న. అదే లేచి, మమ్మీ చలి అన్నది. అప్పుడు కప్పిన."

"నేను తాగలే."

"నాకెర్క. తాగలే. తాగుదామనుకున్నవా?"

ఇన్ని రోజులుగా రాస్తున్నాను. ఈ ఒక్క ప్రశ్న నన్ను నేను అడుక్కోలేదు.

"అనుకున్న," అన్నాను. "నిన్న పగటీలి దించిన. మూత మీద చెయ్యేసిన."

"మల్ల?"

"కింద గ్యాస్ బండోడు పిలిచిండు. సిలిండర్ తీసుకోకుంటె నువ్వు తిడ్తవని పెట్టేసి ఉరికిన."

"నేను తిడ్తనని ఆగినవా?"

"అవ్."

ముందు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. పిల్ల లేవకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను వెళ్లి కింద, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

తర్వాత అంతా చెప్పాను. రాకేష్ పోవడం, పాఠం, సోమవారం క్లాసు, రాంప్రసాద్ రాక.

"పాఠం చెప్పు," అంది. "పిల్లల బతుకులవి. నోట్ల పోసుకునుడు మాత్రం వద్దు. ఉమ్మేస్తవో మింగుతవో నీకే ఎర్కలేదు. కిషన్ రావు సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్తే ఉద్యోగం పోతది."

"పోతె ఇంకోటి దేవులాడుకుందాం. నువ్వు పోతె నేను యాడ దేవులాడాలె?"

సీసా ఆమె తన ల్యాబ్ సంచిలో వేసుకుంది. నేను కీర్తన నుదుటి మీద తడిగుడ్డ వేశాను. ఇది రాస్తుంటే చెయ్యి తేలిగ్గా ఉంది. మొన్నటి నుంచీ భుజాలు పట్టేసినట్టు ఉన్నాయని ఇప్పుడే తెలిసింది.

జూలై 13, ఆదివారం

కీర్తనకు జ్వరం కొంచెం తగ్గింది. పక్కింటి మార్తమ్మత్తను కూర్చోబెట్టి, చర్చిలో పూజకు పోకుండానే ఇద్దరం స్కూటీ మీద నక్కలగుట్టలో కిషన్ రావు గారింటికి వెళ్లాం. ఆయన వరండాలో పేపర్ చదువుతున్నారు. ప్రసన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. నేను చెప్పాల్సింది చెప్పాను. పడిపోవడం, చికిత్స, నిన్న, మొన్న. ఏదీ వదల్లేదు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గీ ముచ్చట ఉద్యోగంల చేరినప్పుడే చెప్పొద్దా?"

"చెప్తే ఇస్తుంటిరా సార్?"

ఆయన ఆలోచించారు. "ఇయ్యకపోతుంటి," అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. "ఇప్పుడైతె నీ పని చూసిన. పిల్లలు నీ క్లాసు ఎగ్గొట్టరు. నా సర్వీసుల గది తక్కువ మందికి చూసిన. కని రేపటి క్లాసు సంగతేంది? ఎవరో ఒకరు నోట్ల పోసుకుని చెప్పాలె గద. నేనే చేస్తుంటి, నాకు షుగరు."

"ఉమ్మేసేదానికి షుగరేంది సార్?" అని ప్రసన్న ఫక్కున నవ్వింది. ఆయనకు మొదట అర్థం కాలేదు, తర్వాత ఆయనా నవ్వారు. లోపలి నుంచి వాళ్లావిడ చాయ్ తెచ్చేసరికి ముగ్గురం నవ్వుతున్నాం. మధ్యలో సీసా. ఆవిడ ఏమనుకుందో.

"పద్మలత మేడమును అడుగుదాం," అన్నారాయన.

సీసా ఆయన దగ్గరే వదిలేసి వచ్చాం. వచ్చేటప్పుడు స్కూటీ ప్రసన్న నడిపింది. వెనక కూర్చుని ఊరు చూసుకుంటూ వచ్చాను.

జూలై 14, సోమవారం

పద్మలత మేడం ఫ్రంట్ ఆఫీసు సబ్జెక్టు చెబుతారు. మరిపెడ వైపు వ్యవసాయదారుల ఇంటి మనిషి. వైన్ ఎప్పుడూ నోట పెట్టలేదు. కారణం చెబుతుంటే మధ్యలోనే ఆపారు. "ఉమ్మేసుడే గద సార్? నాకేం ఫికర్ లేదు. దగ్గు మందనుకుంట."

నేను కిటికీలన్నీ తెరిచి ఒక కిటికీ పక్కన నిలబడ్డాను. శ్రావణి సీసా తెరిచింది. చుక్క కింద పడకుండా గ్లాసులో పోసింది. గ్లాసును తెల్లకాగితం మీద వంచి చూపించమన్నాను. "మధ్యల రంగు చూడుండ్రి, అంచుల చూడుండ్రి. తోలు మందం కాబట్టే అంత చిక్కగున్నది." పిల్లలు వంగి వంగి చూశారు.

సుదర్శన్ అడగనే అడిగాడు. "సార్, మీరెందుకు రుచి చూస్తలేరు?"

పద్మలత మేడం నా వైపు చూశారు. కిషన్ రావు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. జవాబు ముందే అనుకుని పెట్టుకోలేదు.

"నేను తాగితె ఆగనురా. అందుకని మొదలువెట్ట."

ఎవరూ నవ్వలేదు. సుదర్శన్ తల దించుకున్నాడు. అప్పుడు శ్రావణి, "సార్, మేడమును రుచి చూడమనాల్నా?" అంది, నేను చెప్పింది ఏ ద్రాక్షకో సంబంధించిన ఇంకో గుణమైనట్టు. ఆ పిల్లకు దండం పెట్టాలనిపించింది.

మేడం గ్లాసు తిప్పి ముక్కు పెట్టారు.

"ఏం వాసన మేడం?"

"వైన్ వాసన సార్."

"అది అందరు చెప్తరు. మల్ల చూడుండ్రి."

కళ్లు మూసుకున్నారు. "నేరేడు పండ్లు... బాగ మాగినయి. ఇంకోటి ఏందో పచ్చిది. ఆగుండ్రి. బెంగళూరు మిర్చి కోసినంక చేతికుంటది సూడు, గది!"

"అదే!" అన్నాను. నాకు తెలియకుండానే బల్ల మీద చరిచాను. "ఇప్పుడు నోట్ల పోసుకోండ్రి. అటిటు తిప్పుండ్రి. ఉమ్మెయ్యుండ్రి."

ఆమె ముఖం చూసి క్లాసంతా గొల్లుమంది. "సార్, పుల్లగున్నది! నోరంత ఎండిపోయినట్టు, నాలుక గోడకు గీకినట్టు..."

"అదే వగరు. తోలుది, గింజది. ఈ ద్రాక్షకు బలం అదే. కొన్నేండ్లు సీసాల ఉంటె అదే మెత్తవడ్తది. మాంసం కూరతోని తాగితె అంత గీకినట్టు ఉండదు, అందుకే గెస్టులకు మటన్ చెప్తం."

ఆ తర్వాత పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వాసన చూడటం మొదలుపెట్టారు. గ్లాసు కదిలినప్పుడల్లా ఆ వాసన కిటికీ దాకా వచ్చింది. అబద్ధం రాయను. ఒళ్లంతా అటు తిరిగింది. వరండాలోకి వెళ్లి కుండలో నీళ్లు తాగాను, ఇంకో గ్లాసు తాగాను. ప్రసన్నకు ఫోన్ చేశాను. "ఏం చేస్తాన్నవ్?" అంది. "నీళ్లు తాగుతాన్న," అన్నాను. "తాగు," అంది.

తిరిగి వచ్చేసరికి మేడం గ్లాసుకు సాసర్ మూత పెట్టి ఉంచారు. బోర్డు దగ్గరికెళ్లి మిగతా పాఠం చెప్పాను. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

ఇన్నాళ్లూ అనుకున్నాను, ఆ హోటల్లో నేర్చుకున్నదంతా తాగుడుతో పాటే వదిలేయాలని. వదలనక్కర్లేదు. అది నాదే.

జూలై 16, బుధవారం

డెంగీ కాదు. శాంపిల్ ప్రసన్నే తీసింది, ప్రసన్నే చూసింది. కీర్తన పూరీలు అడిగింది. చేశాను.

జూలై 18, శుక్రవారం

పొద్దున నుంచీ నేను కాలేజీ వంటగదిలోనే ఉన్నాను. పని చాలా ఉంది అనుకున్నాను. పని ఏమీ లేదు. రాంప్రసాద్ ఎదుట పడకుండా ఈ రోజు గడిస్తే చాలనుకున్నాను.

ఇంటర్వ్యూలు పక్క గదిలోనే, మధ్య తలుపు సందులోంచి అంతా వినబడుతోంది. శ్రావణి వంతు వచ్చింది. తడబడకుండా చెప్పింది. బోర్డో, రెండు తీగలు, మందం తోలు, ఆలస్యంగా పండటం. చివర్లో, "చిన్నప్పుడు నేరేడు పండ్లు తిన్నోళ్లకు ఈ వాసన కొత్త కాదు సార్" అంది. అది నేను చెప్పలేదు.

"నువ్వు రుచి చూసినవా?" రాంప్రసాద్ గొంతు. ఏమీ మారలేదు.

"లేద్సార్. మా పద్మలత మేడం చూసిండ్రు. మా ఫ్రాన్సిస్ సారు చెప్పించిండ్రు."

"ఎవరూ?"

కుర్చీ జరిగిన చప్పుడు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. వెనక తలుపు ఉంది, దొడ్లోకి పోవచ్చు. పోలేదు. తలుపు తెరుచుకుంది.

రాంప్రసాద్ జుట్టు నెరిసింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వచ్చి రెండు భుజాలూ పట్టుకుని ఊపాడు.

"అరే! బతికే ఉన్నవారా?"

"ఉన్న గదా."

"నువ్వు పోయినవన్నరు! మన స్టాఫంత నిలవడి మౌనం గూడ పాటించినం. నేను ఏడ్చినరా!"

"ఎవరన్నరు?"

"గేటుకాడి కిష్టయ్య. ఫ్రాన్సిస్ ఏడి అంటె, పోయిండు సార్ అన్నడు."

"వరంగల్ పోయిన!"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అతను గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. ఇన్నాళ్లూ అతని కళ్లలో నేనింకా ఆ హాల్లోనే పడి ఉన్నాననుకున్నాను. అతనేమో నేను చచ్చిపోయానని బాధపడుతున్నాడు.

తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మంచిగున్నవా?"

"మంచిగున్న."

"వచ్చెయ్యరాదు మల్ల? బార్ చూసుకునే మనిషి కావాలె మాకు..."

"రాను," అన్నాను. అతని మాట ఇంకా పూర్తి కాలేదు.

అతను నా ముఖం చూసి తలూపాడు. బలవంతం చేయలేదు. "గట్లనే ఉండు," అని, చేతిలోని గరిటె వైపు చూపించి, "తినడానికేమన్న ఉన్నదా?" అన్నాడు. వంటగదిలో నిలబడే ఇద్దరం పప్పన్నం తిన్నాం.

శ్రావణిని తీసుకున్నారు. మరో ముగ్గురిని కూడా. సుదర్శన్‌ను వైన్‌కు కాదు, వంటకు తీసుకున్నారు. వాడు వచ్చి నా కాళ్ల మీద పడబోతే ఆపాను.

ఇంటికొచ్చి చెబితే ప్రసన్న మౌనం పాటించిన భాగం రెండుసార్లు చెప్పించుకుంది.

జూలై 20, ఆదివారం

మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద ఒరిగితే నిద్రపట్టింది. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. మెలకువ వచ్చేసరికి వాన పడుతోంది. వంటింట్లో ప్రసన్న, కీర్తన దేనికో కొట్లాడుకుంటున్నారు. ఆరేసిన బట్టలు ఎవరు తీయాలనో ఏమో.

కళ్లు తెరవగానే ఎప్పటిలాగే వెతుక్కున్నాను. పడుకునే ముందు ఏం చేశాను? ఎవరినేమన్నాను? ఎక్కడ పడ్డాను? ఎవరికి క్షమాపణ చెప్పాలి? తాగే రోజుల్లో అంటుకున్న అలవాటు. మానేశాక కూడా నిద్ర లేచిన ప్రతిసారీ గుండె దడదడలాడుతూ అదే వెతుకులాట.

వెతికాను. చేపల పులుసు తిన్నాను. కీర్తన జడ విప్పి దువ్వాను. చాప వేసుకుని పడుకున్నాను.

అంతే. ఇంకేమీ లేదు.

"డాడీ లేచిండు! డాడీ, నువ్వే పోయి బట్టలు తియ్యి!" అంది కీర్తన.

లేచి, వానలో తడుస్తూ మేడ మీదికి వెళ్లాను.